వాల్‌చంద్ హీరాచంద్

వాల్‌చంద్ హీరాచంద్ (నవంబరు 23, 1882 - ఏప్రిల్ 8, 1953) ప్రముఖ భారతీయ పారిశ్రామికవేత్త. భారతదేశంలో తొలి విమాన కర్మాగారాన్ని, విశాఖపట్నంలో ఆధునిక నౌకా నిర్మాణ కేంద్రాన్ని స్థాపించాడు.

జీవితం

వాల్‌చంద్ మహారాష్ట్రలోని షోలాపూరులో ఒక జైన వర్తక కుటుంబంలో జన్మించాడు. మొదట రైల్వే గుత్తేదారుగా పనిచేశాడు. 1919లో నరోత్తం మొరార్జీ మొదలైన వారితో కలసి సింధియా స్టీం నావిగేషన్ కంపెనీని నెలకొల్పి, బ్రిటిషు నౌకా సంస్థల గుత్తాధిపత్యాన్ని ఎదుర్కొన్నాడు.

విమాన పరిశ్రమ

1939లో అమెరికన్ విమాన వ్యాపారి విలియం పాలీతో ఏర్పడిన పరిచయం విమాన కర్మాగార ఆలోచనకు దారితీసింది. మైసూరు సంస్థానం భాగస్వామిగా 1940 డిసెంబరు 23న బెంగుళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఏర్పడింది. దీని అధీకృత మూలధనం 4 కోట్ల రూపాయలు. 1941లో ఇక్కడ కూర్చిన హార్లో శిక్షణ విమానం ఎగిరింది. యుద్ధావసరాల దృష్ట్యా 1942లో ప్రభుత్వం వాల్‌చంద్ వాటాను కొని, సంస్థను తన అధీనంలోకి తీసుకొన్నది. ఆ విధంగా తాను నెలకొల్పిన పరిశ్రమ రెండేళ్ళు నిండకముందే ఆయన చేయి దాటిపోయింది. ఈ సంస్థయే 1964లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ అయింది. బెంగుళూరు విమాన, అంతరిక్ష పరిశ్రమల కేంద్రంగా ఎదగడానికి ఇది పునాది.

ఉత్తరాంధ్రతో సంబంధం

నౌకా నిర్మాణానికి కలకత్తాలో స్థలం లభించకపోవడంతో వాల్‌చంద్ విశాఖపట్నాన్ని ఎంచుకొన్నాడు. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను విమానాలు బాంబులు వేయడంతో పనులకు ఆటంకం కలిగింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ జలఉష నౌకను జలప్రవేశం చేయించాడు. 1952లో ప్రభుత్వం ఈ సంస్థలోనూ అధిక వాటా తీసుకొన్నది.

నెల్లిమర్ల ప్రాంతం 1979 వరకు విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల సరిహద్దు సీమలో ఉండేది. జనపనార మిల్లుకు పేరుపొందిన ఈ ప్రాంతానికి విశాఖ ఓడరేవు, నౌకా కేంద్రం పొరుగు పారిశ్రామిక కేంద్రాలయ్యాయి. నెల్లిమర్ల శాసనసభ నియోజకవర్గంలోని భోగాపురం వద్ద అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది.

చివరి దశ

1949లో పక్షవాతం సోకిన వాల్‌చంద్ 1950లో వ్యాపార బాధ్యతల నుండి విరమించాడు. 1953లో గుజరాత్‌లోని సిద్ధపూరులో మరణించాడు. ఆయన స్మారకంగా 2004లో భారత తపాలా శాఖ తపాలా బిళ్ళ విడుదల చేసింది.