కరవు కాలములో క్లౌ దొరగారు

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమందు జన్మించిరి. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో భూముల సర్వే పని నేర్చుకొనిరి. 1865లో ఇండియాకు వచ్చి, మరుసటి సంవత్సరము ఒంగోలులో స్థిరపడి సువార్త పని ఆరంభించిరి.

1876లో వానలు లేక ధాత కరవు వచ్చెను. తమిళనాడులోని మనవారు దీనినే తాదు పంజం అని వినియుందురు. దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును ప్రభుత్వము వద్ద కాంట్రాక్టు తీసికొనిరి. చిన్ననాటి సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చెను. బోధకులే మేస్త్రీలైరి. క్రైస్తవులకు, ఇతరులకు భేదము లేక పని, చేసిన పనికి కూలి దొరికెను. కలరా సోకి శిబిరములో అనేకులు మరణించినను పని సాగెను. ఇంగ్లండు ప్రజల విరాళములతో ఏర్పడిన మాన్షన్ హౌస్ నిధి కూడ 1877లో మద్రాసు రాజధానిలోని బాధితులను ఆదుకొనెను.

మనము ముఖ్యముగా గమనించవలసినది వేరొకటి. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఆ కోరిక ఆత్మదో, ఆకలిదో తెలియదని తలంచి, ఆయన పదిహేను నెలలు ఎవరికిని ఇయ్యలేదు. సహాయము ముగిసినది, ఇక పంచుటకు సొమ్ము లేదని తెలియజేసిన పిమ్మట కూడ జనులు తరలివచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి. కరవు బాధితులకు కానుక పంపునప్పుడెల్ల, అన్నమునకు బదులుగా విశ్వాసమును అడుగరాదని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.