చౌకలో గొప్పదనం చూసిన గున్‌పే యొకోయి

కొత్త వస్తువుకు గిరాకీ ఎక్కువ, పాతబడితే వెల తక్కువ. ఇది లోకమంతటికీ తెలిసిన సంగతే. కానీ వెల పడిపోయిన సామానులోనే రేపటి వినోదం దాగి ఉందని గ్రహించినవాడు జపాను ఇంజనీరు గున్‌పే యొకోయి.

ఈయన 1941లో క్యోటో నగరంలో పుట్టాడు. అక్కడి దోషిషా విశ్వవిద్యాలయంలో చదివి, 1965లో నింటెండోలో చేరాడు. అప్పట్లో అది పేకముక్కలకు పేరుపడ్డ కంపెనీ. యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం ఈయన ఉద్యోగం. ఇంత చదివి మరమ్మతు పనా అని మరొకరైతే నీరుగారిపోయేవారు. యొకోయి మాత్రం తీరిక వేళల్లో, చాచితే సాగి దూరాన ఉన్న వస్తువును పట్టుకునే చేయిలాంటి బొమ్మను చేశాడు. అది కంపెనీ అధినేత యమౌచి కంటబడింది. ఇంకేముంది! 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో బజారుకెక్కి, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

1970లలో క్యాలిక్యులేటర్ల కంపెనీలు పోటీపడి ధరలు తగ్గించాయి. దాంతో వాటిలో వాడే చిన్న తెరలు, చిప్పులు కారుచౌక అయ్యాయి. రైల్లో పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతున్న ఒక ఉద్యోగిని చూసి యొకోయికి ఆలోచన తట్టిందంటారు. అలా 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ పుట్టింది. ఆ వరసలోని ఆటలన్నీ కలిసి నాలుగు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

1989లో ‘గేమ్ బాయ్’ వచ్చింది. దానికి రంగుల తెర లేదు. అదే ఏడాది అటారీ వారి ‘లింక్స్’ రంగులతో తళతళలాడుతూ దిగింది. కానీ లింక్స్ వెల 180 డాలర్లు, గేమ్ బాయ్ వెల 90 డాలర్లు. పైగా లింక్స్ ఆరు బ్యాటరీలను కొద్ది గంటల్లోనే తాగేసేది. గేమ్ బాయ్ నాలుగింటితో పది గంటలు దాటినా ఆడేది. చివరికి ఎవరు గెలిచారు? గేమ్ బాయ్, తరవాత వచ్చిన దాని రంగుల తమ్ముడు కలిసి 11 కోట్లు దాటాయి.

అయితే చౌక ఒక్కటే మంత్రం కాదని కూడా ఆయన జీవితమే చెప్పింది. 1995లో వచ్చిన ఆయన ‘వర్చువల్ బాయ్’ ఎర్రటి బొమ్మలను లోతుగా చూపించేది. జనానికి నచ్చలేదు. ధర తగ్గించినా కొనలేదు. ఎనిమిది లక్షలైనా అమ్ముడుపోకుండానే మూలపడింది. చిత్రమేమంటే, దానికోసం వచ్చిన ఆటల్లో అరుదైనవాటికి నేడు సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు అసలు వెలకు ఎన్నో రెట్లు పోస్తున్నారు!

యొకోయి 1996లో నింటెండో వదిలి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి 56 ఏళ్లు. ఆయన చేయివేసిన ‘వండర్‌స్వాన్’ను బాందాయ్ వారు 1999లో 4,800 యెన్లకే విడుదల చేశారు. అది ఒకే ఒక్క బ్యాటరీతో నడిచేది. అంటే చివరిదాకా ఆయన దారి మారలేదు.

మిత్రులారా! విడిభాగాలు చౌకై ధర తగ్గడం వేరు, కోరేవాళ్లు లేక ధర పడిపోవడం వేరు. మొదటిది తయారుచేసేవాడికి వరం, రెండోది శాపం. కోరిక నిలిచినచోట, సరుకు కరువైనచోట పాతదైనా వెల దిగదు. ఈ తేడా తెలిసిన ఇంజనీరుకు ఖరీదైన ప్రయోగశాల లేకపోయినా ఫరవాలేదు. పక్కన పడేసిన సామాను వంక ఒకసారి తిరిగి చూస్తే చాలు.