నోటుబుక్కు పట్టుకుని నెల్లూరు దాకా

రామానుజన్ అనగానే మనందరికీ 1729, హార్డీ, కేంబ్రిడ్జ్ గుర్తొస్తాయి. స్కూల్లో నేను ఇంగ్లిష్‌లో చదువుకున్న పాఠం కూడా అంతే. పేద కుర్రాడు, ఇంగ్లండుకి ఒక ఉత్తరం, ఆ తర్వాత అంతా కీర్తి. ఆ ఉత్తరానికి ముందు దాదాపు రెండేళ్ళు ఉద్యోగం కోసం తిరిగాడన్న సంగతి అందులో లేదు. ప్లేస్‌మెంట్ సీజన్ నడుస్తున్న ఈ టైమ్‌లో నాకు మాత్రం ఆ రెండేళ్ళ గురించే చెప్పాలనిపించింది.

రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగాడు. అక్కడి ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరాడు. లెక్కలు తప్ప ఇంకేదీ పట్టించుకోకపోవడంతో ఆ స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం వచ్చేశాడు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా కథ మారలేదు. ఎఫ్.ఏ. అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, అది పాసవ్వలేదు. మన భాషలో చెప్పాలంటే లెక్కల్లో టాపర్, మిగతావాటిలో బ్యాక్‌లాగ్స్. ఈ రోజుల్లో అయితే ఆ రెజ్యూమె మనిషి కంట పడకముందే ఫిల్టర్‌లో పోయేది.

1909లో జానకితో పెళ్ళయింది. ఇక సంపాదన కావాలి. చేతిలో డిగ్రీ లేదు, సిద్ధాంతాలు రాసుకున్న నోటుబుక్కులు మాత్రం ఉన్నాయి. 1910లో వాటిని పట్టుకుని తిరుక్కోయిలూరు వెళ్ళి, డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్ గారిని కలిశాడు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పెట్టింది ఆయనే. రామానుజన్ అడిగింది చిన్న గుమాస్తా పని. నోటుబుక్కు చూశాక, ఇలాంటివాణ్ణి ఆఫీసు ఫైళ్ళ మధ్య కూర్చోబెట్టడం ఆయనకి మనసొప్పలేదు. ఉత్తరం ఇచ్చి మద్రాసు పంపారు. అక్కడ కుంభకోణంలో పాఠం చెప్పిన శేషు అయ్యర్ గారు కలిశారు. ఆయన ఇంకో చీటీ రాసిచ్చారు, ఈసారి నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారికి.

కలెక్టర్ గారికి లెక్కలంటే ఇష్టమే కానీ, మొదట నమ్మకం కుదరలేదు. ఒకసారితో అయ్యే పని కాలేదు. మళ్ళీ మళ్ళీ కలిసి, నోటుబుక్కులోవి విడమరిచి చెప్పాక అప్పుడు నమ్మారు. ఇంక ఆలోచించలేదు, నెలకి 25 రూపాయలు సొంత డబ్బు పంపారు. స్కాలర్‌షిప్ కోసం కూడా ప్రయత్నించారు, అది రాలేదు.

మా అక్కకి పోయినేడాది ఒక కన్సల్టెన్సీ నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. ప్రొఫైల్ చాలా బాగుందన్నారు, కంపెనీకి పంపించామన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. అక్క చేసిన ప్రాజెక్టు ఏంటని ఒక్కరూ అడగలేదు. రామానుజన్ని పంపినవాళ్ళకీ వీళ్ళకీ తేడా అదే. వాళ్ళు నోటుబుక్కు తెరిచి చూశారు. అందులో అంతా అర్థం కాకపోయినా, అర్థం చేసుకోగలవాళ్ళ దగ్గరికి తమ పేరు మీద పంపారు.

ఒకరి డబ్బుతో ఊరికే బతకడం రామానుజన్‌కి నచ్చలేదు. 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్టుకి అప్లికేషన్ పెట్టాడు. చదువు ఎఫ్.ఏ. దగ్గర ఆగిపోయిందని దాచకుండా రాశాడు. ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫార్సు కూడా జతచేశాడు. మార్చి 1న 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు.

అక్కడితో ఆ గొలుసు ఆగలేదు. పోర్ట్ ట్రస్టు చీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యర్ గారు లెక్కల మనిషి. ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇంజనీరు. ఇద్దరూ వెనక నిలబడ్డారు. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెప్పే గ్రిఫిత్ అయితే, లండన్‌లో తనకి పాఠం చెప్పిన హిల్‌కి ఉత్తరం రాశారు. లెక్కల కుర్రాడి కోసం సివిల్ ప్రొఫెసర్ రెఫరల్ అన్నమాట! రామానుజన్ కూడా కేంబ్రిడ్జ్‌లో బేకర్‌కి, హాబ్సన్‌కి రాశాడు. లాభం లేకపోయింది. 1913 జనవరి 16న హార్డీకి రాశాడు. ఆ తర్వాతది మనకి తెలిసిన పాఠమే. 1913లో మద్రాసు యూనివర్సిటీ నుంచి నెలకి 75 రూపాయల రీసెర్చ్ స్కాలర్‌షిప్, 1914 మార్చి 17న ఓడ ప్రయాణం, 1918లో రాయల్ సొసైటీ ఫెలోషిప్. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళకే పోయాడు.

ప్రతిభ ఉంటే చాలు, అవకాశం అదే వెతుక్కుంటూ వస్తుందని ఈ కథ చూపించి చెప్తుంటారు. నాకలా అనిపించలేదు. ఆ ప్రతిభే ఉన్నా రెండేళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. మధ్యలో ఏ ఒక్కరు నోటుబుక్కు తెరవకపోయినా ఆయన పేరు మనకి తెలిసేది కాదేమో.

రేపు మనలో కొందరం ఉద్యోగాల్లో ఉంటాం. ఎవరో జూనియర్ మెసేజ్ పెట్టి రెఫరల్ అడుగుతాడు. సీజీపీఏ ఎంత అని అడిగేముందు, వాడు పంపిన లింక్ ఒకసారి తెరిచి చూద్దాం. మనకి అర్థం కాకపోతే, అర్థమయ్యేవాళ్ళ పేరు చెబుదాం. తిరుక్కోయిలూరులో, నెల్లూరులో ఆ పెద్దమనుషులు ముందు చేసింది అదే.