రాక కోసం పాడిన గళం: పురుషోత్తమ చౌదరి

మార్గశిర, ధనుర్మాసాలలో మన ఆలయాలు తెల్లవారకముందే మేల్కొంటాయి. ఇంచుమించు అవే వారాలలో క్రైస్తవ సోదరులు ఆగమన కాలాన్ని పాటిస్తారు. మాడుగుల వంటి మన్యం అంచు ఊళ్లలో ఈ రెండు ఆరాధనలూ ఇరుగుపొరుగున సాగుతాయి. పొరుగింటి పాట చెవిని పడుతున్నా దాని భావం మనసుకు అందకపోవడం సహజం. ఆ భావాన్ని తెలుగు కీర్తనలో పొదిగిన మహనీయులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. ఆయన మన ఉత్తరాంధ్ర సరిహద్దు సీమవారే.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి సమీపాన మదనాపురంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. తండ్రి పేరు వింటేనే శ్రీకూర్మ క్షేత్రం తలపుకు వస్తుంది. చౌదరిగారు తెలుగు, సంస్కృతాలు అభ్యసించి, తెలుగునే తన కవితాభాషగా చేసుకున్నారు.

ముక్తిమార్గమేదన్న ప్రశ్న ఆయనను యౌవనంలోనే కలచివేసింది. క్రైస్తవ గ్రంథాలు చదివి, మిషనరీలతో చర్చించి, చివరకు 1833లో, ముప్ఫయ్యవ ఏట, కటకంలో బాప్తిస్మం స్వీకరించారు. ఆ రోజులలో అట్టి అడుగు వేసిన బ్రాహ్మణునికి పంక్తి ఉండేది కాదు, బంధువుల గడప ఉండేది కాదు. ఈ ఘట్టం మన గృహాలకు కష్టం కలిగించక మానదు. తాను విడిచిన ఆచారాలను ఆయన తరువాత విమర్శించారు కూడా. ఆ విమర్శలతో మనం ఏకీభవించనక్కరలేదు. కాని ఆయన విడిచినవాటితో పాటు విడువనివాటిని కూడా చూడటం న్యాయం.

రాగాన్ని ఆయన విడువలేదు. తాళాన్ని, పల్లవిని, చరణాన్ని విడువలేదు. శరణాగతిని అసలే విడువలేదు. శ్రీకాకుళం కేంద్రంగా బోధకుడై సంచరిస్తూ వందకు పైగా కీర్తనలు రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథంలో పాటకు పైన రాగతాళాల పేర్లు నేటికీ అచ్చవుతున్నాయి.

ఆగమన కాలం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంతో మొదలై, నాలుగు ఆదివారాలు గడచి, క్రిస్మస్‌తో ముగుస్తుంది. లాటిన్ భాషలో దాని పేరుకు రాక అని అర్థం. వారానికొక దీపం చొప్పున నాలుగు వెలిగిస్తారు. బేత్లెహేములో జరిగిన జననాన్ని స్మరించడం ఒకటి, యుగాంతాన ప్రభువు మరల వస్తాడని ఎదురుచూడడం రెండవది. ఆ రెంటికీ నడుమ, నేడు హృదయంలోకి ఆహ్వానించడం మూడవది. అందుకే ఇది సంబరాల కన్నా ముందు పశ్చాత్తాపానికి కేటాయించిన కాలం. దారి సరిచేసుకోమని హెచ్చరించిన యోహాను వృత్తాంతాన్ని ఈ వారాలలోనే చదువుతారు.

చౌదరిగారు బాప్టిస్టు సంప్రదాయానికి చెందినవారు. కతోలికులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘంవారు పాటించినంత నియమంగా ఆ సంప్రదాయంలో ఈ కాలాన్ని పాటించే వాడుక లేదు. అయినా దాని ఆత్మ ఆయన కీర్తనలలో ఉన్నది. త్రాహిమాం క్రీస్తునాథ అన్న ప్రసిద్ధ కీర్తన అందుకు నిదర్శనం. అది తన దోషాలను ఒప్పుకొని, దయతో రమ్మని వేడుకునే పాట. త్రాహిమాం అన్న పిలుపు మనకు కొత్తది కాదు. ఆర్తుడు ఏ గుమ్మం ముందు నిలిచినా అతని కంఠంలో పలికేది అదే.

దాదాపు ఆరు దశాబ్దాలు ఆ మార్గంలో నడిచి, 1890లో ఆయన దేహం చాలించారు.

మన పూజావిధానంలోనూ ఆచమన, ప్రాణాయామ, సంకల్పాలు ముగిసిన తరువాతనే ఆవాహన. శుచి కాని చోటికి దైవాన్ని పిలువరాదని పెద్దల నియమం. నాలుగు వారాల ఆగమన కాలం చెప్పేదీ ఈ క్రమమే. రమ్మని పిలిచేవాడు మొదట తన ఇల్లు ఊడ్చుకోవాలి. ఈ డిసెంబరులో పొరుగింట నాలుగు దీపాలు వెలిగినప్పుడు మనకు ఆ అర్థం స్ఫురిస్తే చాలు. వారి దీపానికి నమస్కరించినంత మాత్రాన మన దీపం కొండెక్కదు.