మీసాలున్న అమ్మ గిజుభాయి

క్లాసులో గోల ఎక్కువైతే ఏమవుతుంది? లీడరు బోర్డు మీద పేర్లు రాస్తాడు. ఐదు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత గోల మళ్ళీ మొదలు! పేర్లు రాయకుండా, బెత్తం పట్టకుండా పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టిన ఒక గొప్ప మాస్టారి గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన పేరు గిజుభాయి బధేకా. 1885 నవంబరు 15న గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతంలో పుట్టారు. 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్ళారు. తిరిగి వచ్చి బొంబాయిలో లా చదివి వకీలు అయ్యారు. 1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. వీణ్ణి ఎలాంటి బడికి పంపాలి అనే ఆలోచన పట్టుకుంది. ఆ రోజుల్లో బడి అంటే బట్టీ పట్టడం, దెబ్బలు తినడం. అప్పుడే ఇటలీ దేశపు మరియా మాంటిస్సోరి గారి పద్ధతి గురించి చదివారు. మంచి సంపాదన ఉన్న వకీలు పని వదిలేసి, 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరారు.

1920లో అక్కడే చిన్నపిల్లల కోసం బాలమందిరం పెట్టారు. అందులో కొట్టడం లేదు, భయపెట్టడం లేదు. కథలు, పాటలు, ఆటలు, నాటకాలు, చేతిపనులు ఉండేవి. పిల్లలు ఆయన్ని వదిలేవారు కాదు. అందుకే జనం ఆయనకు మీసాలున్న అమ్మ అని పేరు పెట్టారు.

ఆయన రాసిన పుస్తకాల్లో ‘దివాస్వప్న’ చాలా పేరున్నది. దివాస్వప్నం అంటే పగటికల. అది కల్పించి రాసిన కథే గానీ ఆయన అనుభవమంతా అందులో ఉంది. ఒక కొత్త మాస్టారు నాలుగో తరగతికి వస్తాడు. మొదటి రోజు మౌనంగా కూర్చునే ఆట పెడతాడు. పిల్లలు వింటారా? కేకలు, నవ్వులు, ఒకటే అల్లరి. మాస్టారు ఓడిపోయాడు. అయితే పిల్లల్ని తిట్టలేదు, తన పద్ధతే మార్చుకున్నాడు. మర్నాడు కథ మొదలుపెట్టాడు. అంతే, అల్లరి పిల్లలంతా దగ్గరికి జరిగి నోరెత్తకుండా విన్నారు! తర్వాత కథల పుస్తకాలతో లైబ్రరీ, ఆటలు, శుభ్రత, ఆ తర్వాతే పాఠాలు.

ఇందులో మనకు తెలిసేది ఏమిటంటే, గోల చేసే పిల్లవాడు చెడ్డవాడు కాదు. వాడి చేతికి, మనసుకి పని దొరకలేదు, అంతే. భయంతో వచ్చిన నిశ్శబ్దం సార్ గడప దాటగానే పోతుంది. ఇష్టంతో వచ్చింది నిలుస్తుంది.

గిజుభాయి 1939 జూన్ 23న చనిపోయారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ గారు తర్వాత మహారాష్ట్రలోని కోస్బాడ్‌లో వార్లీ గిరిజన పిల్లలకు బడి నడిపారు. పశువులు కాసే పిల్లలు బడికి రాలేకపోతే, బడినే వాళ్ళున్న మైదానానికి తీసుకెళ్ళారు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని మన దేశంలో విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. గిజుభాయి ఆ మాట ఎన్నో ఏళ్ళ ముందే చేసి చూపించారు.

స్టడీ అవర్లో చిన్న క్లాసుల వాళ్ళు గోల చేస్తే, లీడర్లు పేర్లు రాసే ముందు ఒక కథ చెప్పి చూడండి. మన అవ్వలు, తాతలు చెప్పిన కథలు మనకు బోలెడు ఉన్నాయి. వార్డెన్ సార్లు అందుకు రోజూ ఓ పావుగంట ఇస్తే ఇంకా సంతోషం!