తన తప్పులు తానే అచ్చువేసుకున్న డాక్టరు

ప్రాక్టికల్సులో గురుత్వ త్వరణం 9.8కి దగ్గరగా రాకపోతే, జవాబు ముందు వేసుకుని రీడింగులు వెనక్కి దిద్దుకొచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. డాక్టర్ ఎర్నెస్ట్ ఎమోరీ కాడ్‌మన్ జీవితం చదివాక నా రికార్డు పుస్తకం తెరవాలంటే సిగ్గేస్తోంది.

కాడ్‌మన్ 1869 డిసెంబరు 30న అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. ఆయన హార్వర్డులో వైద్యం చదివే రోజుల్లో ఆపరేషన్‌కు ఈథరు మత్తు ఇచ్చే పని విద్యార్థులదే. మోతాదు తప్పితే ప్రాణమే పోయేది. ఆయన, సహాధ్యాయి హార్వే కుషింగ్, ఎవరు బాగా మత్తిస్తారో చూద్దామని పందెం వేసుకున్నారు. అందుకని 1894 ప్రాంతంలో రోగి నాడినీ శ్వాసనూ కాగితం మీద గుర్తించసాగారు. మత్తు చార్టులకు అది నాంది.

1895లో పట్టా పుచ్చుకుని, తర్వాత మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సర్జన్ అయ్యాడు. అక్కడ ఆయనకొక సందేహం పట్టుకుంది. ఆపరేషన్ అయింది, రోగి ఇంటికెళ్ళాడు. ఏడాది పోయాక ఎలా ఉన్నాడు? నయం కాకపోతే లోపం ఎక్కడ? ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి ఇవన్నీ రాయాలన్నాడు. పంట ఇంటికొస్తేగాని సేద్యం సంగతి తేలదని మా రైతుల ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆయన తుది ఫలిత సిద్ధాంతం అంతే కదా!

సర్జన్లకు పదవులు సీనియారిటీని బట్టి కాక ఫలితాలను బట్టి ఇవ్వాలని పట్టుబట్టి, 1914లో ఆ ఆసుపత్రికి రాజీనామా ఇచ్చాడు. 1915 జనవరిలో ఒక సభలో పెద్ద వ్యంగ్యచిత్రం ప్రదర్శించాడు. అందులో ధనిక ప్రజలు తల దూర్చుకున్న నిప్పుకోడి; వైద్యులేమో దాని బంగారు గుడ్లు ఏరుకునేవాళ్ళు! ఊరి డాక్టర్లంతా మండిపడ్డారు.

అప్పటికే 1911లో 12 పడకలతో సొంత ఆసుపత్రి పెట్టుకున్నాడు. 1916 దాకా అక్కణ్ణుంచి వెళ్ళిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు లెక్కతేల్చి, తన డబ్బుతోనే అచ్చువేయించాడు. తన తప్పులూ దాచుకోలేదు.

ఆయన ఆలోచన కొందరికి నచ్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారు 100 పడకలకు తక్కువకాని 692 ఆసుపత్రులను పరీక్షిస్తే, కనీస ప్రమాణాలకు నిలిచినవి 89 మాత్రమే. పేర్లు బయటపడతాయన్న భయంతో 1919లో ఆ జాబితా కాల్చేశారు!

1940 నవంబరు 23న ఆయన చనిపోయినప్పుడు సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లోగాని అది పెట్టలేదు. అయితేనేం, ఆపరేషన్ వికటించిన కేసులను సర్జన్లూ విద్యార్థులూ కూర్చుని చర్చించుకునే నేటి పద్ధతికి ఆయన బాటవేసినవాడు.

మిత్రులారా, మన తప్పుడు రీడింగుకు పోయేది రెండు మార్కులు. ఆయన దగ్గర పోయేది మనిషి. అయినా రాశాడు. ఈసారి నా లోలకం ఎంత చెబితే అంతే రాస్తాను.