అశోకుడు – ఎవరికీ అక్కరలేని ప్రాణులు



అశోకుడు అనగానే మనకు గుర్తొచ్చేవి నాలుగు సింహాలు, ధర్మచక్రం, కళింగ యుద్ధం. చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు అని బడి పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మర్చిపోతారు. ఆ నీడ ఎవరి కోసం, ఆ నీళ్లు ఎవరి కోసం అని అడిగేవాళ్లు తక్కువ. ఈ కరపత్రంలో ఆయన జీవితాన్ని ఆ ప్రశ్న వైపు నుంచే చూద్దాం. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, దెబ్బ తగిలిన వీధికుక్కల్నీ, తల్లి లేని పిల్లికూనల్నీ సాకుతున్న మిత్రులు మనలో ఉన్నారు. వాళ్లకు ఊళ్లో మెచ్చుకోలు కంటే ఎగతాళే ఎక్కువ. ఆ షెడ్డులో ప్రతిరోజూ ఎదురయ్యే చిక్కులు రెండువేల రెండువందల ఏళ్ల కింద ఒక చక్రవర్తికీ ఎదురయ్యాయని తెలిస్తే వాళ్లకు కొంచెం తోడు దొరికినట్టుంటుంది.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనవడు, బిందుసారుని కొడుకు. రాజు కాకముందు ఉజ్జయినిలో పాలన చూశాడు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పాటలీపుత్రంలో పట్టాభిషేకమైంది. అన్నదమ్ములందర్నీ చంపాడని, నరకం లాంటి చెరసాల కట్టించాడని చెప్పే కథలు చాలా ఉన్నాయి. తర్వాతి మార్పును గొప్ప చేసి చూపడానికి ముందటి పాపాన్ని పెంచి రాశారేమో అనిపిస్తుంది. అవన్నీ పక్కన పెడదాం. ఆయన తన గురించి తానే రాయి మీద చెక్కించుకున్నది మనకు చాలు. పట్టాభిషేకమైన 8 ఏళ్లకు కళింగను గెలిచాడు. లక్షన్నర మందిని అక్కడి నుంచి పట్టుకుపోయారు, లక్ష మంది యుద్ధంలో చచ్చారు, అంతకు ఎన్నో రెట్లు తర్వాత చచ్చారు. ఈ లెక్క శత్రువు రాసింది కాదు, గెలిచినవాడే పశ్చాత్తాపంతో రాయించింది.

ఆ శాసనం మన దగ్గరా ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్ట మీది బండరాళ్లపై పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ చెక్కి ఉన్నాయి. ఆంధ్రుల పేరు చెప్పేది కళింగ శాసనమే. అక్కడి ఒక చిన్న శాసనంలో ఇంకో వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దు పొలం దున్నుతూ చాలు చివర మళ్లినట్టు.

అశోకుడు ఒక్క రాత్రిలో మారిపోయాడని మనం చెప్పుకుంటాం. ఆయన మాత్రం అలా చెప్పుకోలేదు. ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటింది, మొదట్లో ఒక ఏడాది పాటు గట్టిగా ప్రయత్నించలేదు, సంఘానికి దగ్గరయ్యాకే పూనుకున్నాను అని చిన్న శాసనంలో ఒప్పుకున్నాడు. పట్టాభిషేకమైన పదో ఏట బుద్ధుడు సంబోధి పొందిన చోటికి వెళ్లాడు. అంతకుముందు రాజులకు విహారయాత్ర అంటే వేట. అప్పటి నుంచి ఆయనకు యాత్ర అంటే ధమ్మయాత్ర అయింది. ఆ ఒక్క మార్పుతో ఎన్ని జింకలు బతికాయో!

తర్వాత వంటింటి సంగతి. ఒక రాజు తన వంటింటి లెక్క ప్రజల ముందు పెట్టడం లోకంలో అరుదు. ఒకప్పుడు కూరల కోసం రోజూ లక్షల ప్రాణాలు తీసేవాళ్లు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు అని మొదటి శిలాశాసనంలో రాయించాడు. లోకాన్ని ఏలేవాడు తన వంటవాడికి ఒక్క మాట చెప్తే పోయేది కదా, ఇంకా మూడెందుకు అని మనకనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మూడే నచ్చుతాయి. పూర్తిగా మానేశానని రాయిస్తే అడిగేవాడెవడు? అయినా ఉన్నది ఉన్నట్టు రాయించాడు. షెడ్డులో పది కుక్కలకే చోటుండి, పదకొండోదాన్ని గేటు బయట వదిలి వచ్చిన రోజున మనసు ఎంత పీకుతుందో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. అలాంటి రోజున ఈ రెండు నెమళ్లూ ఒక జింకా గుర్తు చేసుకోవాలి. ఇంకా ఎంత మిగిలిందో దాచకుండా చెప్పి, మర్నాడు మళ్లీ పనిలోకి దిగినవాడి లెక్క అది.

రెండో శిలాశాసనం మన షెడ్డుకు మరీ దగ్గర. తన రాజ్యమంతటా, సరిహద్దు అవతల చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశాల్లో, తామ్రపర్ణి దాకా, అటు యవన రాజు అంతియోకుని దేశంలోనూ రెండు రకాల చికిత్స ఏర్పాటు చేశానంటాడు. ఒకటి మనుషులకు, ఒకటి పశువులకు. దాన్ని మనవాళ్లు పశువుల ఆసుపత్రులు అని రాస్తుంటారు. శాసనంలో భవనం మాట లేదు, చికిత్స మాటే ఉంది. మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాడు. దుంపలు, పళ్లు కూడా అంతే. దారుల్లో బావులు తవ్వించి, చెట్లు పెంచాడు, మనుషులూ పశువులూ వాడుకోవడానికి. గిర్నారు కొండ దగ్గరి ప్రతిలో ఒక చిన్న ముచ్చట గమనించాలి. చికిత్స దగ్గర మనిషి మాట ముందొచ్చింది, బావీ నీడా దగ్గర పశువు మాట ముందొచ్చింది. ఎండలో నాలుక బయట పెట్టి రొప్పే కుక్కను చూసినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతవరకు పశువు అంటే ఎద్దు, గుర్రం, ఏనుగు అనుకోవచ్చు. అవి రాజ్యానికి పనికొచ్చేవి. వాటికి వైద్యం చేయించడంలో లాభం కూడా ఉంది. అసలు విషయం ఆ తర్వాత పద్నాలుగేళ్లకు బయటపడింది.

పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన ఐదో స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల పట్టిక ఉంది. చిలకలు, గోరింకలు, చక్రవాకాలు, హంసలు, గబ్బిలాలు, రాణిచీమలు, తాబేళ్లు, ఖడ్గమృగం, తెల్ల పావురాలు, ఊరి పావురాలు. అచ్చుబోసి వదిలేసిన ఆంబోతు కూడా ఉందని పండితులంటారు. ఇలా పేర్లు చెప్పుకుంటూ పోయి, చివర ఒక్క మాటలో మిగిలినవాటిని చుట్టేశాడు. ఎవరి వాడకంలోనూ లేని, ఎవరూ తినని నాలుగుకాళ్ల ప్రాణులన్నీ చంపకూడనివే.

మిత్రులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. లోకం ప్రాణికి విలువ కట్టే తూకాలు రెండే. పనికొస్తుందా? తినొచ్చా? ఈ రెండిటికీ చిక్కనిది వీధికుక్క. యజమాని లేని పిల్లి. పాలివ్వదు, బండి లాగదు, అమ్మితే డబ్బు రాదు. అది చస్తే నష్టపోయేవాడు లేడు గనుక దాన్ని రాయి పెట్టి కొట్టడానికి ఎవడికీ భయం లేదు. పట్టికలో కుక్క పేరు, పిల్లి పేరు లేవు. కానీ దిక్కులేని కుక్కకూ పిల్లికీ ఆ చివరి మాట సరిగ్గా సరిపోతుంది. పనికిరాకపోవడమే దాని రక్షణ అన్నాడు అశోకుడు. తక్కిన లోకానికి అదే దాని నేరం.

అదే శాసనంలో మేకలు, గొర్రెలు, పందులు కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా చంపొద్దన్నాడు. ఆరు నెలల లోపు పిల్లల్నీ చంపొద్దన్నాడు. పురుగూ పుట్రా ఉన్న ఊకను కాల్చొద్దు, ఊరికే అడవికి నిప్పు పెట్టొద్దు. ఈనిన కుక్కను పిల్లలతో సహా మూట కట్టి ఊరవతల పడేసేవాళ్లు ఇవాళ కూడా ఉన్నారు. పాలు తాగే కూనల్ని తల్లి నుంచి విడదీయకుండా, కళ్లు తెరిచి నడిచేదాకా ఉన్నచోటనే కాపాడాలని షెడ్డు నడిపేవాళ్లు చుట్టుపక్కల ఇళ్ల తలుపులు తట్టి చెప్పుకుంటారు.

ఇంకో ఆజ్ఞ ఉంది, అది మనల్ని ఇబ్బంది పెడుతుంది. ఒక ప్రాణిని మేపడానికి ఇంకో ప్రాణిని వాడొద్దన్నాడు. కుక్క పెరుగన్నంతో, పప్పన్నంతో, గుడ్డుతో ఎలాగో నెట్టుకొస్తుంది. పిల్లి అలా కాదు. మాంసంలో ఉండే కొన్ని పోషకాలు లేకపోతే దాని చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పంచశీలం తీసుకున్న మనిషి పిల్లికి ఏం పెట్టాలి? నా అభిప్రాయం చెప్తాను, నచ్చనివాళ్లు వాదించవచ్చు. భిక్షువుల విషయంలో బుద్ధుడు పెట్టిన నియమం ఉంది కదా. తన కోసం చంపడం చూడలేదు, వినలేదు, అనుమానం కూడా లేదు అంటే ఆ మాంసం తీసుకోవచ్చు. చికెన్ కొట్లో సాయంత్రం మిగిలిపోయే మెడలూ గుండెకాయలూ ఆ పిల్లి కోసం కోసినవి కావు. వాటిని ఉడికించి పెట్టడంలో నాకు దోషం కనబడదు. పిల్లి కోసమని బతికున్న చేపనో కోడిపిల్లనో కొనుక్కురావడం మాత్రం అశోకుడు వద్దన్న పనే.

ఆపరేషన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎద్దులకూ మేకపోతులకూ పొట్టేళ్లకూ కొన్ని పుణ్యదినాల్లో విత్తులు కొట్టొద్దని ఆ శాసనంలో ఉంది. దీన్ని పట్టుకొని, కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ధమ్మానికి విరుద్ధం అనేవాళ్లున్నారు. ఒప్పుకోను. అప్పట్లో ఆ పని మత్తు లేకుండా, రైతు లాభం కోసం జరిగేది. ఇవాళ మత్తు ఇచ్చి, డాక్టరు చేసి, రేబీస్ టీకా వేసి, పుండు మానాక పట్టుకొచ్చిన వీధిలోనే వదులుతారు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే. పుట్టి, తిండి లేక, బండ్ల కింద పడి చచ్చే కూనల సంఖ్య తగ్గించడం కరుణ కాకపోతే ఇంకేది?

ఇన్ని ఆజ్ఞలు ఇచ్చినవాడు, మర్నాటి ఏడు, ఏడో స్తంభశాసనంలో ఆశ్చర్యపోయే మాట చెప్పాడు. మనుషుల్లో ధమ్మం పెరగడానికి దారులు రెండు, నియమం పెట్టడం ఒకటి, మనసుకు ఎక్కేలా చెప్పడం ఇంకొకటి. నియమంతో అయ్యేది కొంచెమే, నచ్చచెప్పడంతోనే ఎక్కువ అయింది అన్నాడు. నియమాలకు ఉదాహరణగా ఎత్తుకున్నది ఈ ప్రాణుల పట్టికనే. చేతిలో సైన్యం, జైళ్లు ఉన్నవాడు, ఊరూరా ధమ్మ మహామాత్రుల్ని పెట్టినవాడు, ఆజ్ఞ బలం ఇంతే అని తేల్చుకున్నాడు. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో నిలబడి ఉన్న స్తంభం మీద ఒక్కచోటనే ఈ శాసనం దొరికింది.

షెడ్డు నడిపేవాళ్లకు ఇది రోజూ అనుభవమే. కుక్కను కొట్టినవాడి మీద కేసు పెట్టొచ్చు, చట్టం ఉంది. కేసు పెట్టాక ఆ వీధిలో రాత్రిపూట గిన్నెలో నీళ్లు పోసేవాళ్లు ఎవరూ మిగలరు. పక్కింటివాళ్ల ఫిర్యాదులో న్యాయం కూడా ఉంటుంది. రాత్రంతా మొరిగితే నిద్ర ఉండదు, పసిపిల్లల్ని కరిస్తే భయం ఉంటుంది, రేబీస్ వచ్చాక మనిషి బతకడు. కనుక ముందు టీకా వేయించాలి, ఆ చీటీ తీసుకెళ్లి వాళ్లకు చూపించాలి, షెడ్డు కడిగి వాసన రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాతే కరుణ గురించి మాట్లాడాలి. వినేవాడి భయాన్ని పట్టించుకోకుండా చెప్పే ధమ్మం ఎవరి మనసుకూ ఎక్కదు.

అశోకుణ్ణి దేవుణ్ణి చేయనక్కర్లేదు. మరణశిక్షను ఆయన ఎత్తేయలేదు, శిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. అడవి జాతుల్ని బుజ్జగిస్తూనే, తన పశ్చాత్తాపంలోనూ బలం ఉందని హెచ్చరించాడు.

సుమారు 36 ఏళ్లు ఏలి, క్రీ.పూ. 232 ప్రాంతంలో చనిపోయాడు. చివరి రోజుల గురించి అశోకావదానంలో ఒక కథ ఉంది. ముసలితనంలో ఆయన దానాలు ఆగకుండా సాగుతుంటే, మంత్రులు మనవడికి చెప్పి ఖజానా మూయించారు. బంగారు పళ్లెంలో అన్నం పెడితే పళ్లెం ఆరామానికి పంపేశాడు. వెండి పళ్లెం పెట్టారు, అదీ పంపేశాడు. ఇనుప పళ్లెం పెట్టారు, అదీ పోయింది. చివరికి జంబూద్వీపాన్ని ఏలినవాడి చేతిలో మిగిలింది సగం ఉసిరికాయ. దాన్నీ కుక్కుటారామానికి పంపాడు. అక్కడి భిక్షువులు దాన్ని నలిపి చారులో కలిపారు. సంఘంలో అందరికీ తలా కొంచెం వచ్చింది.